డెబోరా తలుపు

గూడూరు ఆసుపత్రి నుంచి కూతుర్ని తీసుకుని నాగులమ్మ ఉప్పుకాలవపాళెం మలుపులో ఆటో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. సుభాషిణి ఒక చేత్తో నడుం పట్టుకుని వంగి నడుస్తోంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఈ వయసులో గెంతాలి, నవ్వాలి, అమ్మని విసిగించాలి. అవన్నీ వదిలేసి ముసలమ్మలాగా ఇసకలో అడుగు తీసి అడుగు వేస్తూ, మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది.

సెలైన్లు, సూదులు, పరీక్షలు కలిపి నాలుగు వేల పైన అయింది. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని చిల్లకూరు దాకా తిరిగితే రోజుకి మూడొందలు మిగిలే మనిషికి నాలుగు వేలంటే ఏమిటో వేరే చెప్పాలా? పెళ్ళినాటి వెండి కడియాలు అమ్మేసింది. పోతే పోయాయి. నాగులమ్మని లోపల్లోపల తొలిచేస్తున్నది కడియాలు కాదు, డాక్టరమ్మ అన్న మాట. ఈ పిల్ల పగలంతా నీళ్ళు తాగదా, వచ్చింది వచ్చినట్టు బిగబట్టుకుంటుందా అని అడిగిందావిడ. ఇంకోసారి ఇలాగే జ్వరంతో వస్తే మందులతో పోదని, మూత్రపిండాలే చెడిపోతాయని, అప్పుడు తన చేతుల్లో ఏమీ ఉండదని చెప్పింది. నీళ్ళు బాగా తాగించమంది. నాగులమ్మ తలూపింది.

తలూపక ఏం చెబుతుంది? పాళెంలో ఆడది వెలుగుండగా ఒంటికి వెళ్ళాలంటే సరుగుడు చెట్ల సవకతోపు ఒక్కటే దిక్కు. ఆ తోపులో మగాళ్ళు వలలు అల్లుకుంటూ కూర్చుంటారు. తోపు అంచునే రోడ్డు. కృష్ణపట్నం వైపు పోయే లారీలు అక్కడే నీడకి ఆపుకుని డ్రైవర్లు బీడీలు కాలుస్తుంటారు. అందుకని ఉప్పుకాలవపాళెం ఆడపిల్లలు చీకటి పడ్డాకే నీళ్ళు తాగుతారు. పొద్దున లేచి పుక్కిలించి ఉమ్మేస్తారు, అంతే. దాహం వేసినా ఓర్చుకోవడం అక్కడ నడకతో పాటు నేర్చే విద్య. ఛీ, ఇదీ ఒక విద్యేనా!

ఇంటి ముందుకి వచ్చి నాగులమ్మ ఆగిపోయింది. వాకిట్లో ఉన్న మరుగుదొడ్డికి తలుపు ఉంది. నీలం రంగు తలుపు. మీద తెల్లరంగుతో తన పేరు, మొగుడి పేరు. రంగింకా ఆరలేదు, వేలు పెడితే అంటుకుంది.

ఆ మరుగుదొడ్డి కథ చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట 'నిర్మలతీరం' అని ఒక సంస్థ పాళెంలోకి వచ్చింది. పరాయి దేశాల పుణ్యాత్ములు చందాలు పంపుతారట, వీళ్ళు ఇక్కడ నీళ్ళ ప్లాంటులూ మరుగుదొడ్లూ కట్టిస్తారట. దాని కార్యదర్శి నరేంద్రబాబు కోవూరాయన, తెల్లచొక్కా మీద మడత పడనివ్వని మనిషి. కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు తీశారు, ఇంటింటికీ మూడు గోడలు లేపి పైన రేకు పడేశారు. లోపల తెల్లటి బేసిను సిమెంటులో కూర్చోబెట్టారు. దాని కింద గొయ్యి లేదు. గొట్టం జానెడు పోయి ఇసకలో ఆగిపోయింది. గొయ్యి తర్వాత తవ్వుతామన్నారు, తలుపు తర్వాత తెస్తామన్నారు. గోడ మీద మాత్రం ముప్పై రెండు వేలు ఖర్చయిందని నల్లరాయి చెక్కించి అతికించారు. ఆ రాయి ఒక్కటే అందులో గట్టిగా ఉన్న సరుకు. నాగులమ్మ దాన్లో పాత వలలు, చేపల బుట్టలు కుక్కుకుంది. ఊళ్ళో అందరూ అదే పని చేశారు. నీళ్ళ ప్లాంటు సంగతి చెప్పాలంటే సిగ్గు. ప్రారంభించిన పండగ వరకూ తిరిగింది, ఆపైన తుప్పు పట్టింది. ఆటోలో వచ్చే నీళ్ళక్యాను ఇరవై రూపాయలు పెట్టి కొనుక్కుంటున్నారు.

అలాంటిది ఈరోజు తలుపు వచ్చింది. వీధి పొడుగునా నీలం తలుపులే. ప్లాంటు దగ్గర ట్యాంకరు ఆగి ఉంది. ప్లాంటు ట్యాంకులోకి నీళ్ళు కొడుతున్నారు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని పరుగులు. మంచినీళ్ళట, తియ్యగా ఉన్నాయట, డబ్బుల్లేవట. పక్కింటామె బిందె దించుతూ, రేపు సంస్థ లెక్కలు చూడ్డానికి ఆడ ఆఫీసరు వస్తోందని, చందాలిచ్చేవాళ్ళే పంపించారని చెప్పింది. ఇట్టాంటి ఆఫీసర్లు వారం వారం వస్తే బాగుండునని నవ్వింది. నాగులమ్మకి నవ్వు రాలేదు.

సుభాషిణి తలుపు పక్క గోడకి ఆనుకుని నిలబడింది. నిలబడి రంగు కింద గీతల్ని వేలితో తడిమింది.

"అమ్మా, దీని మీద ఇంకో పేరుండాది. పైన నీలం కొట్టి చెరిపేసినారు. డె... బో... రా. డెబోరా అని ఉండాది మా."

డెబోరా నాగులమ్మకి తెలుసు. కాలవకి అవతల పేటలో ఉంటుంది, చిల్లకూరు సంతలో ఆమె బుట్ట పక్కనే ఆకుకూరలు పెట్టుకుని కూర్చుంటుంది. పోయిన వారమే కదా తోటకూర కట్టలు సర్దుకుంటూ ఎంత మురిసిపోయింది! మాకు గొయ్యి తవ్వినారు, ఇప్పుడు తలుపులూ వచ్చినాయక్కా, మా పిల్లలింక చీకటికోసం చూడబళ్ళేదు అని. ఆ మాట విని నాగులమ్మ కుళ్ళుకుంది కూడా. మా పాళెం చేసుకున్న పాపమేంది అని ఆ పూట డెబోరాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడా తలుపు తన వాకిట్లో ఉంది. ఒక్క ఊరికి సరిపడా తలుపులు కొని అన్ని ఊళ్ళకీ లెక్క రాసుకున్నారు. చూడ్డానికి ఎవరొస్తే ఆ ఊరికి తోలుకొచ్చి బిగిస్తున్నారు. డెబోరా దొడ్డికి ఇప్పుడు తలుపు లేదు. నాగులమ్మకి నోట్లో చేదు ఊరింది. పక్కకి తిరిగి ఉమ్మేసింది.

సాయంత్రం తప్పెట మోగింది. దురాయి వేశారు.

దురాయి అంటే ఆ తీరంలో చంటిపిల్లకి కూడా తెలుసు. పాళెం పెద్దలు గంగమ్మ గుడి ముందు కూర్చుని ఒక మాట అనుకుని చాటింపు వేయించారంటే ఇక దానికి తిరుగు లేదు. దాటినవాళ్ళు తప్పు కట్టాలి. కట్టకపోతే వాళ్ళని పడవ ఎక్కించుకోరు, వాళ్ళ చేప వేలంపాటలో పెట్టరు. పోలీసు మాట వినకపోయినా బతకొచ్చు, దురాయి దాటి బతకలేరు. తుఫాను రోజుల్లో ఎవరూ సముద్రం మీదికి పోకూడదని, పండగనాడు ఎవరూ వల వెయ్యకూడదని వేసేవాళ్ళు ఒకప్పుడు. ఊరిని కాపాడ్డానికి పుట్టిన మాట అది. దాన్ని ఇప్పుడెందుకు వాడుతున్నారో వినండి.

"రేపు వచ్చే ఆపీసరమ్మ కాడ ఆడ గానీ మగ గానీ ఎవురూ నోరు తెరవగూడదు. తెరిసినోళ్ళు పదివేలు తప్పు కట్టాల. కట్టకపోతే వాళ్ళింటి మగోడికి పడవలో పాలు లేదు. ఇది పెదకాపు మాట" అని చాటింపు.

పెదకాపు పోలయ్య ఊరికి పెద్ద. మూడు పడవల సొంతదారు. నాగులమ్మ మొగుడు ఆదెయ్య పోలయ్య పడవలోనే పనిచేస్తాడు, వేటలో వచ్చిన దాంట్లో ఒక పాలు తెచ్చుకుంటాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని ఆదెయ్యే సంగతంతా చెప్పాడు. గంగమ్మ గుడి మండపానికి కప్పు పోయిస్తానని నరేంద్రబాబు మాటిచ్చాడు. సిమెంటు బస్తాలు అప్పుడే దిగాయి. పెద్దలు ఒప్పుకున్నారు.

"అమ్మోరి గుడికి కప్పేస్తే మన బిడ్డకి నొప్పి పోతాదా?" అంది నాగులమ్మ.

ఆదెయ్య ముద్ద ఆపాడు. కూతురి వైపు చూడలేదు. మంచివాడే. కూతురంటే ప్రాణమే. కాని పడవలో పాలు పోతే ఆ ప్రాణానికి గంజి పొయ్యలేడు, అదీ తెలుసు.

"రేపొక్క పొద్దు నోరు మూసుకో మే" అన్నాడు. "ఆయమ్మ వస్తాది, పోతాది. మనం ఈడే బతకాల."

మర్నాడు ఆఫీసరమ్మ కారు వచ్చింది. పేరు ఉషారాణి. నెల్లూరులో లెక్కలు తనిఖీ చేసే ఆఫీసు ఆమెది. చందాలిచ్చే దేశంవాళ్ళు ఆ పని ఆమెకి అప్పగించారు. నలభై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో లావుపాటి ఫైలు. నరేంద్రబాబు ఎదురెళ్ళి గుడి ముందు కుర్చీ వేయించాడు. వచ్చీ రాగానే కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. అది తాగగానే ఇంకొకటి. ఎండగా ఉంది మేడమ్ అంటూ మూడోది. ఆమె బాటిలు ఖాళీ అయి ఎక్కడ ప్లాంటు వెనకవైపు కొళాయి తిప్పుతుందోనని అతని భయం. ట్యాంకు నిండుగానే ఉంది గాని, ట్యాంకరు గొట్టం ఇంకా ప్లాంటు వెనకే చుట్టచుట్టి పడి ఉంది. ఆ భయమే అతని కొంప ముంచింది, కాని ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

బిల్లులన్నీ ఉన్నాయి. సిమెంటుకి బిల్లు, బేసిన్లకి బిల్లు, గోతిలో దించే ఒరలకి బిల్లు, తలుపులకి బిల్లు. గొయ్యి తవ్విన కూలీల వేలిముద్రలతో సహా ఉన్నాయి. ఎక్కడా ఒక రూపాయి తేడా రాదు. దొంగతనం అంత శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంటే ఎవరు మాత్రం ఏం పట్టుకుంటారు! ఉషారాణి మాత్రం చుట్టూ చేరిన జనాన్ని చూస్తోంది. నీళ్ళు బాగున్నాయా అని అడిగితే ఆడవాళ్ళు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దొడ్లు వాడుతున్నారా అంటే మగవాళ్ళు సముద్రం వైపు చూశారు. మా వాళ్ళకి బిడియం మేడమ్ అన్నాడు నరేంద్రబాబు. ఊరు ఊరంతటికీ ఒకేసారి బిడియం పుట్టడం ఆమెకి వింతగానే తోచింది. నాలుగిళ్ళు నేనే తిరిగి చూస్తానని లేచింది.

వీధిలో నడుస్తున్నారు. ఆమె, పక్కన నరేంద్రబాబు, వెనక పోలయ్య, ఆ వెనక ఊరు. ప్రతి వాకిట్లో నీలం తలుపు, తలుపుకి తాళం. శుభ్రంగా ఉంచుకోవాలని తాళాలు వేసుకుంటారు మేడమ్ అని చెప్పుకొస్తున్నాడు నరేంద్రబాబు. ఆమె బయటినించే ఫోటోలు తీసుకుంటోంది. నాగులమ్మ ఇంటి ముందుకి వచ్చేసరికి ఆమె నడక మారింది. మూడు బొండాలు ఊరికే పోతాయా! ముఖం ఎర్రబడింది. కారు వైపు చూసింది. కారు ఎక్కి రోడ్డు మీద హోటలు దాకా పోవాలంటే అరగంట. ఆగలేదు. నాగులమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఏమ్మా, మీ దొడ్డి ఒక్కసారి వాడుకోవచ్చా?"

నరేంద్రబాబు గబగబా అడ్డం వచ్చాడు. మేడమ్, ఇక్కడ మీకు సౌకర్యంగా ఉండదు, కారులో పోదాం అన్నాడు. ఆమె వినలేదు, వినే స్థితిలో లేదు. పోలయ్య నాగులమ్మ వైపు గుడ్లురిమాడు. ఆదెయ్య గుంపులో నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు.

నాగులమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. పెదవులు బిగించి, కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి, పోయి తాళం తీసింది. తలుపు లాగింది.

తలుపు చేతిలోకి ఊడొచ్చింది. నిన్న హడావుడిగా బిగించినవాళ్ళకి మేకులు చాల్లేదు కాబోలు, బందుల్ని బైండింగు తీగతో కట్టిపోయారు. నాగులమ్మ పక్కకి తప్పుకుంది, తలుపు వెల్లకిలా ఇసకలో పడింది. లోపల వలలు, బుట్టలు, ఎండుచేపల వాసన. వలల మధ్య తెల్లటి బేసిను. అందులో ఎప్పుడో పడిన ఇసక. దాని నోట్లోంచి ఒక పీత బయటికి వచ్చి, ఇంత జనాన్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది.

ఉషారాణి బేసినుని చూసింది, ఆగిపోయిన గొట్టాన్ని చూసింది. ముప్పై రెండు వేల నల్లరాయిని చూసింది. ఆ ముఖంలోకి అసహ్యం ఎక్కడం నాగులమ్మ దగ్గరగా చూసింది. కాని ఆమెకి ఇప్పుడు వేరే తొందర ఉంది. సుభాషిణి అది అర్థం చేసుకుని, రండక్కా అని చెయ్యి పట్టుకుని సవకతోపు వైపు నడిపించింది. అదీ మన లెక్కల తనిఖీ. చదువుకున్న మనిషి, చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, లారీ డ్రైవర్లు చూస్తుండగా, ఈ ఊరి ఆడవాళ్ళందరూ పోయే దారినే పోయింది.

వాళ్ళటు పోగానే పోలయ్య మీదికొచ్చాడు. దురాయి వేసింది గుర్తులేదా, నోరు తెరవొద్దని చెబితే చెవిన పడలేదా అని కేకలేశాడు.

"నోరు తెరవొద్దన్నారు. మూసుకొనే ఉండా గదా" అంది నాగులమ్మ. "తలుపు తెరవొద్దని చాటించినారా?"

వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. పోలయ్య అటు తిరిగి చూస్తే అందరూ తలలు దించుకున్నారు. చాటింపులో తలుపు మాట లేదు, నిజమే. నరేంద్రబాబు రుమాలుతో మెడ తుడుచుకుంటూ, ఒక్కింట్లో మరమ్మతు అని సర్దేస్తాను లెండి అన్నాడు. ఆదెయ్య వచ్చి పెళ్ళాం పక్కన నిలబడి, ఇంక చాలు, కొంప తియ్యబాక అని గొణిగాడు.

ఉషారాణి తిరిగి వచ్చింది. చెప్పుల్లో ఇసక, చీర అంచుకి పల్లేరుకాయలు. ముఖం కందిపోయి ఉంది. నేరుగా నాగులమ్మ ముందుకి వచ్చి నిలబడింది.

"తోపులో మీ అమ్మాయి చెమటతో తడిసిపోయింది. నా బ్యాగులో ఇంకో బాటిలుంటే ఇచ్చాను. తీసుకోలేదు. పగలు తాగనక్కా అంది. ఎందుకు తాగదమ్మా?"

నాగులమ్మ కూతురి నుదుటి చెమట కొంగుతో తుడిచింది.

"ఆయన దగ్గర కాయితాలన్నీ సరిగ్గా ఉన్నాయి" అంది ఉషారాణి, ఇంకా మెల్లగా. "నేను చూసిందాన్ని ఒక్కింటి మరమ్మతంటారు. ఈ ఇంటి మనిషి నోటితో చెబితేనే నేను రాసుకోగలను. చెప్పకపోతే ఆ బిల్లులే నిలబడతాయి."

నాగులమ్మ మొగుడి వైపు చూసింది. ఆదెయ్య కళ్ళల్లో బతిమాలుకోవడం తప్ప ఇంకేం లేదు. పడవ, పాలు, రేపటి గంజి అన్నీ ఆ కళ్ళల్లో ఉన్నాయి. ఆమె తల దించుకుంది. తలుపు తెరిచినప్పుడు వచ్చిన ధైర్యం నోటి దాకా రాలేదు. తన మీద తనకే రోత పుట్టింది. అయినా పెదవులు విడవలేదు. ఇంకొక్క నిమిషం అలాగే ఉండి ఉంటే ఉషారాణి ఫైలు మూసుకుని వెళ్ళిపోయేదే.

నరేంద్రబాబు ఊరుకుని ఉంటే సరిపోయేది. తెలివైనవాడు కదా, ఊరుకోలేదు. చిరునవ్వు నవ్వి, సుభాషిణి తల మీద చెయ్యి పెట్టబోయాడు.

"ఏం లేదు మేడమ్. పిల్ల ఒక్కపొద్దు ఉన్నట్టుంది. ఈ పాళేల్లో ఆడపిల్లలకి భక్తి ఎక్కువ, నీళ్ళు కూడా ముట్టరు."

నాగులమ్మ ఆ చెయ్యిని కూతురి తల మీద పడకముందే పట్టుకుని పక్కకి తోసేసింది. థూ అని అతని మెరిసే బూట్ల ముందు ఇసకలో ఉమ్మింది.

"ఒక్కపొద్దు కాదమ్మా" అంది. "నా బిడ్డ తాగితే పోను చోటు లేదు. అందుకని తాగదు. నిన్ననే ఆస్పత్రి నుంచి తెచ్చినా. ఇంకోసారి వస్తే బతకదన్నారు. ఆ గూట్లో గొయ్యి లేదు, ఏ రోజూ లేదు. ఊళ్ళో ఎవురింటికీ లేదు. ఆ నీళ్ళు నిన్న ట్యాంకరులో తెచ్చిపోసినారు. ఈ తలుపు నాది కాదు, కాలవ అవతల డెబోరాది. దాని పేరు చెరిపి నా పేరు రాసినారు. రాసుకో తల్లీ, ఏం రాసుకుంటావో."

వంగి, పడున్న తలుపుని ఎండ పడేలా ఎత్తి పట్టుకుంది. ఏటవాలు వెలుగులో నీలం కింద పాత అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపించాయి. ఉషారాణి దాన్ని ఫోటో తీసుకుంది, నాగులమ్మ చెప్పిందంతా రాసుకుంది. తర్వాత గుంపు వైపు తిరిగి, ఈమె చెప్పింది నిజమేనా అని అడిగింది. ఒక్కరూ పలకలేదు. బిందెలు నింపుకుని సంబరపడిన పక్కింటామె కూడా పలకలేదు. ఒక్క మనిషి మాట ఎంతవరకూ నిలబడుతుందో తనకీ తెలియదని, రాయడం మాత్రం రాస్తానని నాగులమ్మతో చెప్పి ఉషారాణి కారెక్కింది. అబద్ధపు ధైర్యం చెప్పలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. నరేంద్రబాబు ఇంకో కారులో ఆమె వెనకే పరుగెత్తాడు.

కార్లు మలుపు తిరిగాయో లేదో, మళ్ళీ తప్పెట మోగింది. ఈసారి గుడి దాకా పోయి కూర్చునే ఓపిక కూడా లేకపోయింది పెద్దలకి. పోలయ్య నడివీధిలోనే చెప్పాడు, తప్పెట మనిషి అరిచాడు.

"నాగులమ్మ దురాయి దాటింది. ఆ ఇంటితో మాట లేదు, పలుకు లేదు. ఆ ఇంటోళ్ళతో పలికినోళ్ళు ఎవురైనా సరే పదివేలు తప్పు కట్టాల. ఆదెయ్యకి పడవలో పాలు లేదు."

ఆదెయ్య ఉన్నచోటే ఇసకలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళు తనతో పక్కపక్కన తెడ్డేసినవాళ్ళు అతన్ని తప్పించుకుని నడిచిపోయారు. నాగులమ్మ అది చూసింది. తప్పు చేశానా అని ఒక్క క్షణం అనిపించింది. కూతుర్ని చూసింది, ఏడుపు మింగేసింది.

ఇంతలో నిన్న తలుపులు తెచ్చిన సంస్థ వ్యాను వెనక్కి వస్తూ ఒక్కో ఇంటి ముందు ఆగడం మొదలుపెట్టింది. తలుపులు ఊడదీసి వ్యానులో పడేస్తున్నారు. రేపు ఇంకో ఊళ్ళో కావాలి కాబోలు! ఆఫీసరమ్మ ఇంకా రోడ్డెక్కి ఉండదు, సిగ్గన్నా లేదు. నాగులమ్మ వాకిట్లో తలుపు ఊడే ఉంది కాబట్టి ఊడదీసే పని కూడా లేదు. డ్రైవరు వంగి అంచు పట్టుకోబోయాడు. నాగులమ్మ పోయి తలుపు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లెయ్యక్కా, సార్ తిడతాడు" అన్నాడు డ్రైవరు.

"లేవను. ఇది డెబోరాది. దానికే ఇస్తా. మీకియ్యను."

డ్రైవరు చుట్టూ చూశాడు, ఎవరన్నా చెప్పండయ్యా అన్నాడు. పోలయ్య విసురుగా ముందుకి వచ్చాడు. మెడ నరాలు ఉబ్బాయి, నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ ఇంటితో పలికినవాళ్ళు ఎవరైనా సరే పదివేలు కట్టాలని ఇప్పుడే కదా ఊరు ఊరంతా వినేలా చాటించాడు! తప్పెట మనిషి ఇంకా పక్కనే ఉన్నాడు. పోలయ్య నోరు మూసుకున్నాడు. చేత్తో లెమ్మని సైగ చేశాడు. నాగులమ్మ అది తనకి కాదన్నట్టు చూసింది. పెదకాపు తర్వాతి పెద్ద నడిమికాపు వచ్చాడు, అతనూ గుటకలు మింగి నిలబడ్డాడు. నిన్న నాగులమ్మ నోటికి వేసిన తాళం ఇప్పుడు ఊరందరి నోటికీ పడింది. డెబోరా పేరున్న తలుపు మీద ఆమె ఒక్కతే నోరున్న మనిషిలా కూర్చుంది.

పోలయ్య చివరికి ఆదెయ్య భుజం పట్టుకుని లేపి, పెళ్ళాం వైపు తోశాడు. అతనొక్కడే ఆమెతో మాట్లాడగలిగినవాడు. ఆదెయ్య కాళ్ళీడ్చుకుంటూ వచ్చి తలుపు అంచు దగ్గర నిలబడ్డాడు.

అప్పుడే సుభాషిణి ఇంట్లోంచి చెంబుతో వచ్చింది. నిన్న ట్యాంకరు పోసిన నీళ్ళు. ఎవరినీ చూడలేదు. అమ్మ పక్కన నిలబడి, తలెత్తి, పట్టపగలు, ఊరి మగాళ్ళందరి ముందు, గటగటా తాగడం మొదలుపెట్టింది. గొంతు కదులుతుంటే నీళ్ళు గడ్డం మీదుగా కారి నీలం తలుపు మీద పడ్డాయి. సగంలో ఆపుతుందనుకున్నారు. ఆపలేదు.

ఆదెయ్య కూతుర్నే చూస్తున్నాడు. తాగిన నీళ్ళు ఇంకో గంటకి పిల్లని ఎక్కడికి తీసుకుపోతాయో అతనికి తెలుసు. వెనక్కి తిరిగి పోలయ్యని చూశాడు, దూరంగా లారీలు ఆగిన సవకతోపుని చూశాడు. పెళ్ళాన్ని లెమ్మనడానికి తెచ్చుకున్న మాట నోట్లోనే ఉంది. సుభాషిణి చెంబు బోర్లించి చూపించి, ఇంకో చెంబు కోసం లోపలికి వెళ్ళింది.